కర్నూలు పాతబస్తీలో మట్టిమిద్దె కొన్నాం: ఏడాదిన్నర నా అనుభవం

మొదటిసారి ఆ ఇంట్లోకి పోయింది 2024 ఫిబ్రవరి 11, ఆదివారం. పడసాల (ముందు వసారా) గోడకు, నా తలకంటే జానెడు ఎత్తులో ఒక గూడు ఉంది. దీపం పెట్టుకునే గూడు కాబోలని చెయ్యి పెట్టి చూశాను. వేళ్లకు మట్టి తగిలింది. గోడ నుంచి రాలిన మట్టి కాదు, మెత్తటి ఒండ్రు. ఎండి పెచ్చులు కట్టి ఉంది. "అది 2009ది మేడమ్. అంత పైకి మేమెవరమూ చూడలా" అన్నాడు ఇంటాయన. ఆ ఏడాది అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డప్పుడు వచ్చిన బురద పద్నాలుగేళ్లు ఆ గూట్లోనే ఉండిపోయింది.

మట్టి కప్పున్న ఆ ఇంటినే కొన్నాం. ఎందుకు కొన్నామో, ఎంత అయిందో, ఎక్కడ దెబ్బ తిన్నామో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పాత మిద్దె కొనాలనుకునేవాళ్లకు పనికొస్తుందని.

నేను ప్రభుత్వ బడిలో టీచర్‌ని. మా ఆయనది ఎలక్ట్రికల్ షాపులో ఉద్యోగం. పద్నాలుగేళ్లలో నాలుగు అద్దె ఇళ్లు మారాం. ఆఖరి ఇంటాయన కొడుకు పెళ్లికని రెండు నెలల్లో ఖాళీ చేయమన్నాడు. ఆ రాత్రి పిల్లల పుస్తకాలు మళ్లీ అట్టపెట్టెలకు ఎక్కించాలనుకుంటే గుండె బరువెక్కిపోయింది. కొత్త కాలనీల్లో మేం చూసిన డబుల్ బెడ్రూం ఫ్లాట్లు 48 లక్షల నుంచి మొదలు. ఈ మిద్దె 112 గజాలు. 26 లక్షలు చెప్పి, మూడు ఆదివారాలు బేరమాడినాక 23.5కి ఒప్పుకున్నాడు.

వరద సంగతి మర్చిపోయి కొన్నామని అనుకోవద్దు. చుట్టుపక్కల ఆరిళ్లలో అడిగాం. ఏ ఇంట్లో ఎంత ఎత్తుకు వచ్చిందో గోడ మీద చెయ్యి పెట్టి చూపించారు. మళ్లీ అంత రాదని ఎవరూ రాసివ్వలేరు. అది తెలిసే, ఆ భయానికి కూడా ధర కట్టుకునే కొన్నాం.

ఫిబ్రవరి 25న అగ్రిమెంటు రాసుకుని 2 లక్షలు అడ్వాన్స్ ఇచ్చాం, చెక్కు రూపంలో. నగదు ఇస్తే బాగుంటుందన్నాడు గానీ స్థిరాస్తికి 20,000, ఆపైన నగదుగా తీసుకోవడం నిషేధమని మా లాయరు ముందే చెప్పి ఉన్నాడు. ఈ అగ్రిమెంటులో ఒక తప్పు చేశాం. రిజిస్ట్రేషన్‌కు మూడు నెలలు గడువు రాసుకున్నాం గానీ, కాగితాలు ఆలస్యమైతే గడువు దానంతటదే పెరుగుతుందన్న వాక్యం రాయించుకోలేదు. ఆ ఒక్క వాక్యం లేక మే నెలంతా నిద్ర పట్టలేదు.

కాగితాల దగ్గర మొదటి ఆశ్చర్యం: అసలు దస్తావేజు లేదు. ఇంటాయన నాన్న 1971లో కొన్న పత్రం, 2009 నీళ్లలో ట్రంకుపెట్టెతో సహా పోయింది. ఆయన దగ్గరున్నది ఒక జిరాక్సు, అదీ సగం అలుక్కుపోయి. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే పత్రం) తీస్తే 1983 నుంచే వచ్చింది. అంతకుముందుది రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు తిరగేసి తీయాలి. దరఖాస్తు పెట్టిన 19 రోజులకు 1971 దస్తావేజు నకలు చేతికొచ్చింది. అసలుది పోయిందని పోలీస్ స్టేషన్లో ఇంటాయనతో ఫిర్యాదు ఇప్పించాం. దొరకలేదన్న సర్టిఫికెట్‌కు మూడు వారాలు. పేపర్లో ప్రకటన వేయించి, అభ్యంతరాల కోసం 15 రోజులు ఆగాం. ప్రకటనకు 4,500. ఆ పదిహేను రోజులూ పొద్దున్నే ఫోన్ మోగితే చాలు, ఎవరో ఇల్లు మాదంటున్నారేమోనని చెయ్యి వణికేది.

ఎవరూ రాలేదు. కానీ రావాల్సిన మనిషి ఒకరున్నారని లాయరే కనిపెట్టాడు.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో వారసులుగా రెండు పేర్లు ఉన్నాయి. ఒకటి ఇంటాయనది, రెండోది వాళ్లక్కది. పెళ్లయి రాయచూరులో ఉంటుంది. "అక్కకు పెళ్లప్పుడే ఇచ్చేసినాం మేడమ్, ఆమెకేం సంబంధం లేదు" అన్నాడు. లాయరు ఒక్కటే మాట చెప్పాడు: "వీలునామా లేదు, భాగపంపకాలు లేవు. కూతురికి కొడుకుతో సమానంగా హక్కుంది. ఆమె సంతకం లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వద్దు." ఆ మాట వినకపోయుంటే ఈ రోజు కోర్టు మెట్ల మీద ఉండేవాళ్లం.

తమ్ముడు ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. ఏప్రిల్లో ఒక ఆదివారం నేనూ మా ఆయనా రాయచూరు బస్సెక్కాం. పోయి కూర్చున్న గంటసేపు ఆమె ఇంటి మాటే ఎత్తలేదు. కాఫీ ఇచ్చింది, నా బడి గురించి అడిగింది. చివరికి అంది: "నాకు డబ్బులొద్దు అనలేదమ్మా, కావాలనీ అనలేదు. అమ్ముతాండానక్కా అని ఒక్క మాట చెప్పొచ్చు గదా. ఆ ఇంట్లో నేను పుట్టినా." ఏం చెప్పాలో తెలియక ఫోన్లో తీసిన ఫొటోలు చూపించాను. గూటి ఫొటో దగ్గర ఆగిపోయింది. అందులో వాళ్లమ్మ ఆకులూ వక్కలూ పెట్టుకునేదట. ఆ ఫొటోనే చాలాసేపు చూసింది.

తమ్ముడు వెళ్లి కలవడానికి ఇంకో నెల పట్టింది. ఆమె వాటాగా 3 లక్షలు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఆ మొత్తం ఆయనకు ఇచ్చి ఆమెకిస్తాడులే అని వదిలేయకుండా, మేమే నేరుగా ఆమె ఖాతాకు వేస్తామని, పత్రంలో అట్లే రాయాలని పట్టుబట్టాం. ఇద్దరూ అమ్మకందారులుగా సంతకం పెట్టాలి. ఇందులో మొహమాటం వద్దు.

ఈలోపల ఎన్నికలు. మే 13న నాకు డ్యూటీ. ఏప్రిల్ ఆఖర్లో మొదలైన మూఢం పోయేసరికి ఆషాఢం. మా అత్తమ్మ శ్రావణం దాకా ఆగాల్సిందే అంది. నాకు గడువు దాటిపోయిందని భయం, ఆమెకు ముహూర్తం భయం. ఇంటాయనను బతిమాలి ఆగస్టు 31 వరకు గడువు పెంచుతూ ఇంకో కాగితం రాయించుకున్నాం.

ఆగిన ఆ నెలల్లోనే బ్యాంకు సంగతి తేలింది. వాల్యూయర్ వచ్చాడు, పైకి చూశాడు, మట్టి కప్పు అని రాసుకున్నాడు. కట్టడానికి విలువ వేయలేనన్నాడు. స్థలం విలువ మీద హౌసింగ్ లోన్ కుదరదని బ్యాంకువాళ్లన్నారు. జూన్ 20న లోన్ రాదని తెలిసింది. దాని ప్రాసెసింగ్, లీగల్ ఖర్చులు 9,300 తిరిగి రాలేదు. మిద్దె కొనేవాళ్లు అడ్వాన్స్ ఇవ్వకముందే బ్యాంకులో ఈ ఒక్క ప్రశ్న అడగండి: మట్టి కప్పుకు లోన్ ఇస్తారా అని.

నేను సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్) ఉద్యోగిని, పీఎఫ్ లోన్ లేదు. దాచుకున్న 9 లక్షలు, మామగారు పొలం అమ్మి ఇచ్చిన 4 లక్షలు, బంగారం మీద 5.2, ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా) లోన్ 1.8, పర్సనల్ లోన్ 3.5. లెక్క సరిగ్గా 23.5కి వచ్చింది. పెళ్లిలో అమ్మ పెట్టిన గాజులు బ్యాంకు తక్కెడలో పెట్టినప్పుడు నేను బయటికొచ్చి నిలబడ్డాను. చూడలేకపోయాను.

రిజిస్ట్రేషన్ ఆగస్టు 22, గురువారం. విలువ తగ్గించి రాద్దాం, మీకూ ఖర్చు తగ్గుతుంది అన్నాడు ఇంటాయన. ఒప్పుకోలేదు, 23.5 లక్షలూ కాగితం మీద ఎక్కించాం. స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం: 1,76,250. ఇది మా అత్తమ్మ దగ్గర అప్పు. డాక్యుమెంట్ రైటర్‌కు 6,000.

పొద్దున పదిన్నరకు పోతే సాయంత్రం నాలుగుంబావుకు బయటపడ్డాం. మధ్యలో వాళ్లక్క వేలిముద్ర పడలేదు. ఒకసారి, ఐదుసార్లు, పన్నెండుసార్లు. ఇన్నేళ్లూ అంట్లు తోమి, జొన్నరొట్టెలు తట్టిన చేతులు, గీతలు అరిగిపోయాయి. ఆమె తప్పు చేసినట్టు తలొంచుకుని కూర్చుంది. నేను తడిగుడ్డతో ఒక్కొక్క వేలూ తుడిచి, పొడిగా ఒత్తి, మళ్లీ పెట్టించాను. ఎడమచేతి ఉంగరపు వేలు దగ్గర మెషీన్ పలికింది. బయటికొచ్చాక ఆమే నా చెయ్యి పట్టుకుంది. "ఇంటిని పడగొట్టొద్దమ్మా" అంది. నేను మాట ఇచ్చాను. అప్పటికి ఆ మాట ఎంత ఖర్చో నాకు తెలియదు.

తాళాలు వచ్చిన తొమ్మిదో రోజు వాన. విజయవాడ మునిగిందని టీవీలో చూస్తున్న ఆ రెండు రోజులే. ఇక్కడ అంత లేదు, అయినా ఏడుచోట్ల కారింది. ఉన్న గిన్నెలన్నీ పెట్టాం. అక్కడే ఇంకో విషయం బయటపడింది. వీధిలో సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు, ఇప్పుడు మా గడప కంటే వీధి అడుగున్నర ఎత్తు. వాననీళ్లు నేరుగా పడసాలలోకి. ఫిబ్రవరిలో ఎండలో చూసి కొన్నాం కాబట్టి ఇది కంటికి కనపడలేదు. పాత ఇంటిని ఒక్కసారైనా వానలో చూసి కొనాలి.

అందరూ ఒకటే చెప్పారు: పడగొట్టి స్లాబు వేసుకోండి. 112 గజాల్లో కొత్త ఇంటికి మాకు చెప్పిన తక్కువ ధర 19 లక్షలు. మా దగ్గర ఉన్నది అక్టోబరులో ఎత్తుకోబోయే 5 లక్షల చీటీ. పైగా నేను మాట ఇచ్చాను.

దసరా అయ్యాక అక్టోబరు 16న పని మొదలుపెట్టాం. మొదటి మేస్త్రీ 40,000 అడ్వాన్స్ తీసుకుని, గోడల అడుగుభాగమంతా వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటుతో పూసేశాడు. నున్నగా, చూడముచ్చటగా ఉంది. నవంబరు 9న పొద్దున పోయి చూస్తే ఆ నున్నటి గోడ మీద తెల్లటి బూజులా ఉప్పు పొంగి ఉంది. వేలితో తడితే అరచేయంత పెచ్చు ఊడి పడింది. ఫోన్ చేస్తే నెల తర్వాత చూద్దామన్నాడు. ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. నేలమీద కూర్చుని ఏడ్చాను. గాజులు గుర్తొచ్చాయి.

రెండో మేస్త్రీ దొరకడం మా అదృష్టం. ఒక పాత గుడి ప్రాకారానికి సున్నం పని చేస్తుంటే మా ఆయన పోయి అడిగాడు. డెబ్బై దాటిన తాత. వచ్చి గోడను అక్కడక్కడా పిడికిలితో తట్టాడు. తెల్లపొడి గోటితో గీరి నాలుక మీద పెట్టుకున్నాడు. "ఉప్పు. నేల తాగిన నీళ్లు గోడ లోపల పైకి ఎక్కుతాండాయి. ఇది రాయీ మట్టీ పెట్టి కట్టిన గోడ, రెండడుగుల మందం. దీనికి ఊపిరి ఆడల్ల. సిమెంటు పూసి నోరు మూస్తే ఆ తడి ఇంకా పైకి పోతాది, ఆడ పొంగుతాది" అన్నాడు. ఇంజనీర్లు, షాపులవాళ్లు ఎందరో చెప్పని మాట ఆయన ఒక్క నిమిషంలో చెప్పాడు.

సిమెంటంతా నాలుగున్నర అడుగుల ఎత్తు దాకా కొట్టి తీసేశాం. వరద తర్వాత ఇంటాయన పూయించిన సిమెంటు కూడా దాని కింద ఉంది, అదీ పోయింది. "నలభై రోజులు వట్టిగా వదిలేయండి" అన్నాడు తాత. తలుపులు తీసి, గోడలు ఆరబెట్టాం. పెరట్లో గుంత తవ్వి సున్నపురాయి వేసి నీళ్లు పోస్తే బుసబుసమని ఉడికింది. పిల్లలను దగ్గరికి రానివ్వలేదు, కంట్లో పడితే చూపు పోతుంది. ఇరవై ఒక్క రోజులు నీళ్ల కిందే నానింది. తీస్తే వెన్నలా ఉంది. అందులో తుంగభద్ర ఇసుక, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు. ఇసుక ఉచితమే, ట్రాక్టరు కిరాయి, ఎత్తుకూలీ కలిపి 3,000 అయింది. తాతకు రోజుకు 1,000, సహాయకులిద్దరికీ చెరి 700. పూసిన తర్వాత పది రోజులు రోజుకు మూడుసార్లు గోడలకు నీళ్లు చిలకరించాలి, లేకుంటే పగుళ్లిస్తుంది. బడికి పోయేముందు, వచ్చినాక, పడుకునేముందు ఆ పని నేనే చేశాను. గోడల ఖర్చు మొత్తం 1,46,000. కొట్టేసిన సిమెంటు తాలూకు 40,000 కూడా ఇందులోనే.

గోడలు ఆరేలోపల కప్పు. మీద పెరిగిన గడ్డి పీకి, పాత మట్టి దించితే లోపల ఎముకలు కనిపించినట్టయింది: దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు (సన్నటి వాసాలు), చెక్కపేళ్లు, వెంపలి కంప, మట్టి, అన్నిటికీ పైన చౌడు, అంటే ఉప్పుమట్టి. దూలాలు టేకు, రాయిలా ఉన్నాయి. దంతెల్లో తొమ్మిదింటిని చెదలు తినేశాయి, పైకి బాగానే కనిపిస్తూ లోపల బెరడు మాత్రమే. కొత్త టేకు ధర విని భయపడ్డాం. తాతే చెప్పాడు, పడగొట్టిన మిద్దెల కలప అమ్మే అంగళ్లున్నాయని. అక్కడ ఒక్కో దంతె 1,400 చొప్పున దొరికింది. ఎన్నో ఇళ్లలో ఎండి గట్టిపడ్డ కలప.

చౌడు గూడూరు వైపు నుంచి మూడు ట్రాక్టర్లు తెప్పించాం. అది పరిచే ముసలాయన వేరే. చౌడు ఎందుకు పనికొస్తుందో నాకు అప్పుడే తెలిసింది. చుక్క పడగానే పైపొర మెత్తబడి సందులన్నీ పూడుకుపోతాయి, కిందికి నీళ్లు దిగవు. పంట పండని నేల కప్పుకు కాపలా కాస్తుంది. నీళ్లు బయటికి పోయే దోనెల వైపు వాలు ఉండేలా ఆయన మోకాళ్ల మీద కూర్చుని చేత్తోనే సరిచేశాడు. లెవల్ పైపు తెస్తామంటే, ఒక చెంబు నీళ్లు పోసి చూపించాడు, నీళ్లు నేరుగా దోనెలోకి పోయాయి. "జూన్ ముందర ఇంకో పొర వేయల్ల. ఏటా వేయల్ల. తడిమీద మాత్రం ఎవరూ ఎక్కద్దు" అన్నాడు. కప్పు ఖర్చు 1,28,000. గవాక్షికి, అంటే వెలుతురు కోసం కప్పులో వదిలిన కంతకు, పాత బండ మూత తీసి అద్దం పెట్టించాం. మధ్యాహ్నం పూట పళ్లెమంత వెలుగు నేలమీద పడి, గంటకు కొంచెం కొంచెంగా జరుగుతుంది.

బాత్రూం, డ్రైనేజీ 1,35,000, వైరింగ్ మా ఆయన చేతి పని కలిసొచ్చి 92,000. నేలకు బేతంచెర్ల బండలు వేయించి గడప ఎత్తు పెంచాం, దాని ముందు చిన్న కాలువ తీయించాం. నాలుగు లక్షల్లో అయిపోతుందనుకున్నది 6,80,000 దగ్గర ఆగింది. ఇందులో కలవని ఖర్చులూ ఉన్నాయి. ఇంటాయన కట్టని రెండేళ్ల ఇంటిపన్ను 11,200, కరెంటు బకాయి 3,860. పేరు మార్పుకు పోయినప్పుడే తెలిసింది, మేమే కట్టాం. రిజిస్ట్రేషన్ రోజే రసీదులు చేతిలో పెట్టించుకోవాల్సింది. సెప్టెంబరులో పెట్టిన పన్ను పేరు మార్పు జనవరిలో వచ్చింది.

2025 ఫిబ్రవరి 14, శుక్రవారం, మాఘమాసం. పాలు పొంగించాం. రాయచూరు నుంచి వాళ్లక్క వచ్చింది, తమ్ముడితో కలిసి. ఇల్లంతా తిరిగి గూటి దగ్గర నిలబడింది. ఆ గూటిని మాత్రం మేం పూయించలేదు. ఒండ్రు అట్లే ఉంచి, చుట్టూ సున్నం వేయించాం. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో మా పిల్లలకూ తెలియాలి. దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ డబ్బాలో మా అన్న ఇంట్లో పైఅంతస్తులో పెట్టాం. ఆమె సంచిలోంచి నాలుగు తమలపాకులు తీసి, ఆ ఎండిన బురద మీద పరిచి, వక్క పెట్టింది.

జూన్ మొదటివారంలో రెండో పొర చౌడు వేయించాం. జులైలో ఒక రాత్రి గట్టి వాన. మేం ఎవరమూ పడుకోలేదు. మా ఆయన టార్చ్ పట్టుకుని గది గదికీ తిరిగాడు. పడసాల పొడి. నడిమింట్లో పొడి. గడప ముందు కాలువ నిండుగా పారుతోంది, లోపలికి రాలేదు. రెండు గంటలకు వంటింటి మూలలో టప్‌మంది. నా ప్రాణం పోయినంత పనైంది. పొద్దున్నే చౌడు తాతకు ఫోన్ చేశాను. "ఒక్కచోటేనా? దానికేమమ్మా. రెండు తట్టల చౌడు మెట్ల కింద పోయించి వచ్చినా గదా. ఎండపొడ పడనీ, మిద్దె ఆరనీ. అప్పుడు సారును ఎక్కమను" అన్నాడు.

మూడో రోజు మా ఆయన ఎక్కి ఒక తట్ట పరిచి, అరచేత్తో అణిచాడు. ఆ మూల తర్వాత మూడు వానలు చూసింది. చుక్క పడలేదు. రెండో తట్ట చౌడు మెట్ల కిందే, గోనెపట్ట కప్పి ఉంది.